పొరుగు మ్యాచ్‌ను బేరంలో పెట్టకండి: అమెరికా యూనివర్సిటీల ప్రెసిడెంట్లకు బహిరంగ లేఖ

బిగ్ టెన్, ఎస్‌ఈసీ, బిగ్ 12, ఏసీసీ అనే క్రీడా లీగుల్లోని యూనివర్సిటీల గౌరవనీయులైన ప్రెసిడెంట్లకు, ఛాన్సలర్లకు,

నేను ఒరెగన్ రాష్ట్రంలోని కోర్వాలిస్‌లో, ఒరెగన్ స్టేట్ యూనివర్సిటీలో ఎమ్మెస్ చదివాను. వచ్చిన మొదటి ఏడాది థాంక్స్‌గివింగ్ సెలవులకు క్యాంపస్ అంతా ఖాళీ అయిపోయింది. గదిలో ఒక్కదాన్నే ఉంటే ఇంటి ఓనరు పెద్దాయన తలుపు కొట్టి, తన కూతురి పాత నారింజ రంగు రెయిన్‌కోటు నా చేతిలో పెట్టి, రీసర్ స్టేడియానికి తీసుకెళ్లారు. యూజీన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ ఒరెగన్‌తో అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్. ఆట నియమాలు నాకు ఒక్కటీ తెలియవు. వాన పడుతూనే ఉంది. మా ముందు వరసలో ఒక జంట. భర్తది నారింజ చొక్కా, భార్యది ఆకుపచ్చ చొక్కా. పెద్దాయన నా వైపు వంగి, "ఆ అమ్మాయి యూజీన్ పిల్ల. ఏడాదికి ఈ ఒక్క రోజు మా వాడితో మాట్లాడదు" అన్నారు. నాకు ఆ మాటతో సగం ఆట అర్థమైంది. మా ఊళ్లో సంక్రాంతి కబడ్డీ పోటీలకు పక్క ఊరి జట్టు వస్తే, అటు పిల్లనిచ్చిన ఇళ్లలో ఎలా ఉంటుందో ఇక్కడా అలాగే ఉంది.

రెండు ఊళ్ల మధ్య నలభై మైళ్ల పైచిలుకు దూరం. 1894 నుంచి ఆడుతున్న మ్యాచ్. నవంబరు చివర్లో, సీజన్ మొత్తం దాని కోసమే అన్నట్టు జరిగేది. 2024లో దాన్ని సెప్టెంబరుకు జరిపారు. కారణం, ఆ రెండు యూనివర్సిటీలు ఇప్పుడు ఒక కాన్ఫరెన్స్‌లో, అంటే ఒకే లీగ్‌లో, లేవు.

ఈ ఉత్తరం ఇంగ్లిష్ ప్రతి మీకు విడిగా పంపుతున్నాను. తెలుగులో రాసి అందరి ముందూ పెట్టడానికి ఒక కారణం ఉంది. సియాటెల్‌లో, బే ఏరియాలో, ఫీనిక్స్‌లో, డాలస్‌లో వేల తెలుగు కుటుంబాలు మీ యూనివర్సిటీలతో ముడిపడి ఉన్నాయి. మేం అక్కడ చదివాం, మా పిల్లలకు అక్కడే ఫీజులు కడుతున్నాం, విరాళాలు అడిగితే ఇస్తున్నాం. అయినా కాన్ఫరెన్స్‌ల గొడవ వచ్చేసరికి "అది వాళ్ల ఆట, మనకెందుకు" అని ఊరుకుంటున్నాం. ఇది మాకూ సంబంధించిన విషయమేనని మా వాళ్లకు కూడా చెప్పాలి.

తెలియని వాళ్ల కోసం రెండు మాటలు. కాన్ఫరెన్స్ అంటే కొన్ని యూనివర్సిటీలు కలిసి పెట్టుకున్న లీగ్. ఏటా ఎవరితో ఆడాలి, టీవీ డబ్బు ఎలా పంచుకోవాలి అన్నది అదే నిర్ణయిస్తుంది. పడమటి తీరంలో ఆ లీగ్ 1915లో మొదలై, పేర్లు మారుతూ, చివరికి ప్యాక్-12 అయింది. వంద ఏళ్లు దాటిన ఆ చుట్టరికం పద్నాలుగు నెలల్లో తెగిపోయింది.

2022 జూన్ 30న లాస్ ఏంజెలెస్ యూనివర్సిటీలు యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ తాము బిగ్ టెన్‌లోకి వెళ్తున్నట్టు ప్రకటించాయి. అదే వేసవిలో బిగ్ టెన్ ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీ టీవీ సంస్థలతో ఏడేళ్లకు 7 బిలియన్ డాలర్ల పైచిలుకు ఒప్పందం కుదుర్చుకుంది. 2023 జులైలో కొలరాడో బిగ్ 12కి వెళ్లింది. ఆగస్టు 4న, ఒక్క రోజులో, వాషింగ్టన్, ఒరెగన్ బిగ్ టెన్‌కి, అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా బిగ్ 12కి వెళ్లిపోయాయి. సెప్టెంబరు 1న స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ కలిసి అట్లాంటిక్ తీరం పేరు పెట్టుకున్న ఏసీసీలో చేరాయి. మిగిలినవి రెండే: కోర్వాలిస్‌లోని మా ఒరెగన్ స్టేట్, గోధుమ చేల మధ్య పుల్‌మన్‌లో ఉన్న వాషింగ్టన్ స్టేట్.

ఈ రెండూ ఏం తప్పు చేశాయో నాకు ఇప్పటికీ తెలియదు. మా జట్టు 2022లో పది మ్యాచ్‌లు గెలిచింది, ఆఖరున ఫ్లోరిడాను 30-3తో ఓడించింది. స్టేడియంలో ఒక పక్క మొత్తం పడగొట్టి కొత్తగా కట్టుకున్నారు. అది 2023 సీజన్‌కు తెరుచుకుంది. తెరిచే నాటికే లీగ్ చెదిరిపోయింది, అదే దాని చివరి సీజన్ అని తేలిపోయింది. ఆట బాగోలేక లీగ్ పోయిందా అంటే అదీ కాదు. దాని చివరి సీజన్‌లోనే వాషింగ్టన్ ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా జాతీయ ఫైనల్ దాకా వెళ్లింది. చిన్న ఊళ్లు, చిన్న టీవీ మార్కెట్లు. వీళ్లను ఎవరూ పిలవకపోవడానికి నాకు తెలిసి కారణం అదొక్కటే.

మిగిలిన ఇద్దరూ కోర్టుకెళ్లి లీగ్ పేరును, దాని ఆస్తులపై అధికారాన్ని దక్కించుకున్నారు. 2024లో ఆడటానికి ప్రత్యర్థులు కావాలి కాబట్టి మౌంటెన్ వెస్ట్ కాన్ఫరెన్స్‌కు 14 మిలియన్ డాలర్లు కట్టి మ్యాచ్‌లు ఏర్పాటు చేసుకున్నారు. 2025లో ఒకే సీజన్‌లో ఒకరితో ఒకరు రెండుసార్లు ఆడారు. ఒకసారి కోర్వాలిస్‌లో, ఒకసారి పుల్‌మన్‌లో. ఇరుగుపొరుగంతా ఇళ్లు ఖాళీ చేసి వెళ్లిపోయిన వీధిలో మిగిలిన రెండు ఇళ్ల పిల్లలు ఆడుకున్నట్టు. ఆ రెండో మ్యాచ్ టీవీలో చూస్తూ నాకు ఏడుపొచ్చింది. 2026 నుంచి బోయిసీ స్టేట్, ఫ్రెస్నో స్టేట్, శాన్ డియెగో స్టేట్ లాంటి జట్లతో లీగ్ మళ్లీ నిలబడుతోంది. సంతోషమే. వచ్చిన వాళ్లను మనస్ఫూర్తిగా ఆహ్వానిస్తున్నాను. కానీ నలభై మైళ్ల దూరంలో ఉన్న పొరుగువాడు ఆ లీగ్‌లో లేడు.

ఇక నేను అసలు రాయాలనుకున్న సంగతి, పిల్లల సంగతి.

రిక్రూటింగ్ (హైస్కూల్ ఆటగాళ్లను యూనివర్సిటీ జట్లలోకి తీసుకోవడం) అంటే బయటివాళ్లకు నక్షత్రాల ర్యాంకులు, వీడియోలు, చేరబోయే యూనివర్సిటీ టోపీ పెట్టుకుని ప్రకటించడం. దగ్గరగా చూస్తే అది ఒక ఇంటి హాల్లో సోఫా మీద జరిగే మాట. కోచ్ వస్తాడు, అమ్మానాన్నల ఎదుట కూర్చుంటాడు, మాట ఇస్తాడు. కోర్వాలిస్, పుల్‌మన్ కోచ్‌లు ఏళ్ల తరబడి కాలిఫోర్నియా తల్లులకు ఇచ్చిన మాట చాలా చిన్నది: "మీ వాడు మా దగ్గర చదివినా, ప్రతి ఏడాదీ లాస్ ఏంజెలెస్‌లోనో బే ఏరియాలోనో ఆడతాడు. మీరు కారులో వచ్చి చూడొచ్చు." ఒరెగన్‌లో, తూర్పు వాషింగ్టన్‌లో ఆటగాళ్లు తక్కువ. కాలిఫోర్నియా పిల్లలు రాకపోతే జట్టు నిండదు. వాళ్లు రావడానికి ఆ మాటే ఆధారం. మీరు సంతకాలు పెట్టిన రోజున ఆ మాట చెల్లకుండా పోయింది. అటు లాస్ ఏంజెలెస్ పిల్లల తల్లులకూ అదే గతి. కొడుకు ఆట చూడాలంటే ఇప్పుడు మూడు టైమ్ జోన్లు దాటి న్యూజెర్సీకో మేరీల్యాండ్‌కో విమానం ఎక్కాలి. గంటల లెక్కన జీతం తీసుకునే తల్లికి అది ఎన్నిసార్లు కుదురుతుంది?

కామ్ వార్డ్ అనే కుర్రాడి కథ మీకు తెలిసే ఉంటుంది. టెక్సస్‌లో హైస్కూల్ రోజుల్లో వాళ్ల జట్టు బంతిని విసరడం కన్నా పరుగెత్తడమే ఎక్కువ. అందుకని ఎవరి కంటా పడలేదు. ఒక్క నక్షత్రం కూడా రాలేదు. ఇన్‌కార్నేట్ వర్డ్ అనే చిన్న యూనివర్సిటీ స్కాలర్‌షిప్ ఇచ్చింది. అక్కడి నుంచి పుల్‌మన్ వచ్చి 2022, 2023 సీజన్లు ఆడాడు. తర్వాత మయామీ యూనివర్సిటీకి వెళ్లి, ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్ఎల్ కొత్త ఆటగాళ్లను ఎంచుకునే 2025 డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి ఆటగాడిగా టెనెసీ టైటన్స్‌కు ఎంపికయ్యాడు. ఆ కుర్రాడి ఎదుగుదల చూస్తే కడుపు నిండుతుంది. వెళ్లినందుకు అతణ్ని ఒక్క మాట కూడా అనను. బంతి పట్టుకుని పరుగెత్తే మా రన్నింగ్ బ్యాక్ డేమియన్ మార్టినెజ్ 2023లో వెయ్యి గజాలు దాటి, తర్వాతి ఏడాది మయామీ చొక్కాలో కనిపించాడు. వార్డ్ తర్వాత పుల్‌మన్ తయారు చేసుకున్న క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) జాన్ మటీర్ 2024 సీజన్ అయ్యాక ఓక్లహోమాకు వెళ్లాడు. అతనితో పని చేసిన అఫెన్స్ కోచ్ కూడా అక్కడికే వెళ్లాడు.

ఎవరి కంటా పడని పిల్లవాణ్ని వెతికి పట్టుకోవడం, రెండేళ్లు ఓపిగ్గా నేర్పడం చిన్న ఊరి యూనివర్సిటీ పని. పంట చేతికొచ్చే వేళకు దాన్ని పెద్దవాళ్లు కోసుకుపోతున్నారు. ఆటగాళ్లు యూనివర్సిటీ మారే పద్ధతి మీ కాన్ఫరెన్స్ మార్పులకన్నా ముందే సులువైంది, నిజమే. 2018లో యూనివర్సిటీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చింది, 2021 నుంచి ఆటగాళ్లు తమ పేరును ప్రకటనల లాంటివాటికి ఇచ్చి డబ్బు సంపాదించుకోవచ్చు. 2025లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో ఒక్కో యూనివర్సిటీ మొదటి ఏడాది 20.5 మిలియన్ డాలర్ల దాకా నేరుగా ఆటగాళ్లకు పంచవచ్చు. ఇవన్నీ ఆటగాళ్లకు ఎప్పుడో దక్కాల్సినవి. కానీ లీగ్ డబ్బు సమానంగా అందినన్నాళ్లూ కోర్వాలిస్ కూడా "ఉండు నాయనా, మేమూ ఇస్తాం" అని చెప్పగలిగేది. టీవీ డబ్బంతా బిగ్ టెన్, ఎస్‌ఈసీ అనే రెండు లీగుల్లో పోగుపడ్డాక ఏం పెట్టి ఆపగలరు?

కోచ్‌లదీ అదే దారి. జొనాథన్ స్మిత్ స్కాలర్‌షిప్ కూడా లేకుండా మా జట్టులో చేరి, 2000 సీజన్‌లో పదకొండు మ్యాచ్‌లు గెలిచిన జట్టుకు క్వార్టర్‌బ్యాక్ అయినవాడు. అదే యూనివర్సిటీకి కోచ్‌గా తిరిగొచ్చి, పడిపోయిన జట్టును లేపాడు. ఆయన ఎక్కడికీ వెళ్లడని ఊళ్లో అందరికీ నమ్మకం. 2023 నవంబరులో యూజీన్ మ్యాచ్ అయిన మర్నాడే మిషిగన్ స్టేట్‌కు వెళ్లాడు. అంటే బిగ్ టెన్‌కు. కుర్ర క్వార్టర్‌బ్యాక్ ఏడన్ చైల్స్ ఆయన వెనకే వెళ్లాడు. తర్వాత వచ్చిన ట్రెంట్ బ్రే కూడా మా పూర్వ విద్యార్థే, మా జట్టులో ఆడినవాడే. 2025లో వరసగా మొదటి ఏడు మ్యాచ్‌లూ ఓడాక ఆయన్ను తీసేశారు. నాకు ఆయన మీద కోపం రాలేదు. పునాది కదిలిన ఇంట్లో గోడకు సున్నం వేయమంటే ఎవరు మాత్రం ఏం చేస్తారు?

మా వీధిలో ఒక అబ్బాయి ఉన్నాడు. వాళ్ల అమ్మ, నేను ఒకే ఆఫీసు. పదకొండో తరగతిలో ఉండగా ఒక యూనివర్సిటీ కోచ్ వాళ్లింటికి వచ్చాడు. స్కాలర్‌షిప్ ఇస్తామన్నారు. ఆ యూనివర్సిటీ పేరు నేను చెప్పను. ఆ అమ్మ ఆ రోజు ఆఫీసుకు కేకు తెచ్చింది. ఏడాది తిరగకుండానే ఆ కోచ్ ఇంకో కాన్ఫరెన్స్‌కు వెళ్లిపోయాడు. కొత్తగా వచ్చినాయన అదే స్థానానికి పోర్టల్ నుంచి ఇరవై రెండేళ్ల ఇద్దరిని తీసుకున్నాడు. ఫోన్లు ఆగిపోయాయి. రావద్దని కూడా ఎవరూ చెప్పలేదు. ఫోన్ రాకపోవడమే జవాబు. పదిహేడేళ్ల పిల్లాడు అన్నం ముందు కూర్చుని ఫోన్ వైపు చూస్తుంటే ఆ ఇంట్లో టెన్షన్ ఎలా ఉండేదో నేను కళ్లారా చూశాను. ఇప్పుడు స్కాలర్‌షిప్ లేని ఒక చిన్న కాలేజీలో ఆడుతున్నాడు. బాగానే చదువుకుంటున్నాడు. కానీ ఇంటికొచ్చి మాట ఇచ్చిన పెద్దమనిషి మాట ఏమైనట్టు అని వాళ్లమ్మ అడిగితే నా దగ్గర సమాధానం లేదు. మీ దగ్గర ఉందా?

మీ వాదన నాకు తెలియనిది కాదు. ఫుట్‌బాల్ డబ్బుతోనే మిగతా ఆటలన్నీ బతుకుతాయని, మేం వెళ్లకపోతే ఇంకొకరు వెళ్లేవారని, ప్యాక్-12 తన గోతిని తానే తవ్వుకుందని మీరంటారు. చివరి మాటలో నిజం ఉంది. 2012లో సొంత టీవీ ఛానల్ పెట్టుకున్నారు, అది డైరెక్‌టీవీ అనే శాటిలైట్ టీవీ పెట్టుకున్న ఇళ్లకు ఎప్పుడూ చేరలేదు. వచ్చిన బేరాలను ఎక్కువ ఆశకు పోయి జారవిడుచుకున్నారు. కానీ ఆ తప్పులు చేసిన గదిలో కూర్చున్నది కూడా యూనివర్సిటీ ప్రెసిడెంట్లే. 1984లో సుప్రీంకోర్టు ఫుట్‌బాల్ టీవీ హక్కులపై కాలేజీ క్రీడల జాతీయ సంస్థ ఎన్‌సీఏఏ పెత్తనాన్ని 7-2తో కొట్టేసినప్పటి నుంచి ఈ డబ్బు పరుగు మొదలైంది. ఆ తీర్పుతో విభేదించిన ఇద్దరిలో ఒకరు జస్టిస్ బైరన్ వైట్. ఆయన కొలరాడోలో ఆడి, ఎన్‌ఎఫ్ఎల్‌లో బంతితో పరుగెత్తిన గజాల్లో మొదటి స్థానంలో నిలిచిన మనిషి. టీవీ డబ్బు ఒక్కటే కొలమానమైతే కాలేజీ ఆటకూ ప్రొఫెషనల్ ఆటకూ మధ్య గీత చెరిగిపోతుందని ఆయన భయపడ్డారు. ఆట ఎరిగినవాడి భయం అది.

మిగతా ఆటలను బతికించడానికే అన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. 2025లో వాషింగ్టన్ స్టేట్ డబ్బు చాలక ట్రాక్ అండ్ ఫీల్డ్‌లో దూకే, విసిరే పోటీలన్నిటినీ ఎత్తేసింది. వెనక వదిలేసిన చోట జరిగింది అది. ముందుకెళ్లిన చోట, ఫుట్‌బాల్‌తో ఏ సంబంధం లేని వాలీబాల్, సాఫ్ట్‌బాల్ అమ్మాయిలు వారం మధ్యలో దేశం ఈ చివరి నుంచి ఆ చివరికి ఎగిరి, తెల్లారి క్లాసుకు వస్తున్నారు. ఫుట్‌బాల్ జట్టు సీజన్ మొత్తంలో అలా వెళ్లేది నాలుగైదు సార్లు. వాళ్లకు అంతకన్నా ఎక్కువ. మా తెలుగు ఇళ్లలో పిల్లలు ఎక్కువగా టెన్నిస్, ఈత లాంటి ఆటల్లో ఉంటారు. మా వాళ్లకు ఈ దెబ్బ ముందుగా తగిలేది అక్కడే.

ఒక పాత సంగతి చెబుతాను. ఒరెగన్ స్టేట్ రోజ్ బౌల్ అనే కొత్త సంవత్సరపు పెద్ద మ్యాచ్ గెలిచింది ఒకే ఒక్కసారి, 1942 జనవరి 1న. పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగి నెల కూడా కాలేదు. పడమటి తీరంలో జనం గుమిగూడితే ప్రమాదమని ఆ మ్యాచ్‌ను కాలిఫోర్నియా నుంచి నార్త్ కరోలైనాలోని డర్హమ్‌కు, డ్యూక్ యూనివర్సిటీ మైదానానికి మార్చారు. మా కుర్రాళ్లు రైల్లో దేశం దాటి వెళ్లి డ్యూక్‌ను 20-16తో ఓడించారు. ఊరు ఇప్పటికీ చెప్పుకునే కథ అది. పసిఫిక్ తీరపు పిల్లలు ఆట కోసం అట్లాంటిక్ దాకా వెళ్లడానికి ఆనాడు ఒక ప్రపంచ యుద్ధం కారణం. ఈనాడు స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ పిల్లలకు అదే డర్హమ్ మామూలు లీగ్ మ్యాచ్. కారణం ఒక టీవీ ఒప్పందం.

జరిగిందాన్ని వెనక్కి తిప్పమని నేను అడగడం లేదు. కానీ బిగ్ టెన్ టీవీ ఒప్పందం 2029-30 సీజన్‌తో ముగుస్తుంది, బిగ్ 12ది ఆ మరుసటి ఏడాది. అంటే ఇంకో విడత బేరాలు దగ్గరకొస్తున్నాయి. ఇప్పుడు ఏడో తరగతిలో ఉన్న పిల్లల మీద ఆ నిర్ణయం పడుతుంది. ఆ బేరానికి కూర్చునే ముందు కొన్ని పనులు చేయండి.

కొత్త టీవీ ఒప్పందం ఏదైనా, పక్క ఊరితో మ్యాచ్ దాని మొదటి పేజీలో ఉండాలి. వాషింగ్టన్, వాషింగ్టన్ స్టేట్ ఆడే యాపిల్ కప్ కొన్నేళ్లు ఆగకుండా జరిగేలా ఇద్దరూ ఒప్పుకున్నారు, వాళ్లకు నా నమస్కారం. మిగతావాళ్లకూ అది సాధ్యమే. టెక్సస్, టెక్సస్ ఏ అండ్ ఎమ్ 2011 తర్వాత పన్నెండేళ్లు ఆడలేదు. 2024 నవంబరులో మళ్లీ ఆడితే ఆ రాష్ట్రం ఎలా ఊగిపోయిందో చూశారు. ఆ మధ్య కాలంలో హైస్కూల్, కాలేజీ దాటేసిన పిల్లలకు ఆ రోజు ఎవరు తిరిగిస్తారు? ఓక్లహోమా, ఓక్లహోమా స్టేట్ 2023లో ఆపేశాయి. అక్కడ కూడా ఒక తరం దాటిపోక ముందే ఆలోచించండి.

ఫుట్‌బాల్‌ను విడిగా పెట్టండి. దాని కోసం దూరాలు వెళ్లాల్సిందే అయితే వెళ్లండి, మిగతా ఆటలను మాత్రం బస్సు వెళ్లగలిగినంత దూరంలో ఉన్న యూనివర్సిటీలతో ఆడించండి.

ఇంకొకటి, నాకు అన్నిటికన్నా ముఖ్యమైంది. ప్రపంచమంతా ఆడే సాకర్‌లో ఒక పద్ధతి ఉంది. ఆటగాడు డబ్బుకు క్లబ్ మారినప్పుడు, ఆ మొత్తంలో 5 శాతం పన్నెండేళ్ల నుంచి ఇరవై మూడేళ్ల వయసు దాకా అతనికి ఆట నేర్పిన క్లబ్బులకు వెళ్తుంది. ఇక్కడా అలాంటిది పెట్టండి. ఆటగాడి సొమ్ములో ఒక్క డాలరు తగ్గించొద్దు, అతని దారికి అడ్డం పడొద్దు. తీసుకెళ్లే యూనివర్సిటీయే, తయారు చేసిన యూనివర్సిటీకి తన జేబులోంచి కొంత కట్టాలి. ఆ డబ్బుతో పుల్‌మన్ ఇంకో కామ్ వార్డ్‌ను వెతుక్కుంటుంది. లేకపోతే అలాంటి పిల్లల్ని వెతికేవాళ్లే ఉండరు. అప్పుడు పెద్ద జట్లకు మాత్రం ఆటగాళ్లు ఎక్కడి నుంచి వస్తారు?

పిల్లవాడి చేత సంతకం పెట్టించే ముందు అతని తల్లిదండ్రుల చేతికి ఒక కాగితం ఇవ్వండి. మీ టీవీ ఒప్పందం ఏ ఏడాదితో అయిపోతుంది, ఇప్పుడు వేరే కాన్ఫరెన్స్‌తో మాటలు నడుస్తున్నాయా, కోచ్ ఒప్పందం ఇంకా ఎన్నేళ్లుంది, ఆయన వెళ్లిపోతే ఈ స్కాలర్‌షిప్ ఉంటుందా ఉండదా. నాలుగు ప్రశ్నలకు నాలుగు జవాబులు, వాళ్లకు అర్థమయ్యే భాషలో, మీ సంతకంతో.

ఒరెగన్‌లో ప్రభుత్వ యూనివర్సిటీల ట్రస్టీల సమావేశాలు అందరికీ తెరిచే ఉంటాయి. పేరు రాయించుకుంటే రెండు మూడు నిమిషాలు మాట్లాడనిస్తారు. రాబోయే సమావేశానికి కోర్వాలిస్ వెళ్తున్నాను, ఆ తర్వాత యూజీన్‌కు కూడా వెళ్తాను. మా వీధి అబ్బాయి తల్లి నాతో వస్తానంది. బీవర్టన్, హిల్స్‌బరో, పోర్ట్‌లాండ్‌లలో ఉన్న తెలుగువాళ్లు ఎవరైనా వస్తానంటే నా కారులో ఇంకా మూడు సీట్లు ఉన్నాయి.

ఇట్లు,
ఒరెగన్ స్టేట్ పూర్వ విద్యార్థిని,
బీవర్టన్, ఒరెగన్